పెరడు, ఫిడేలు, చేతికొచ్చిన సొమ్ము: ఈ వసంతంలో ఏది ముందు?

ప్రశ్న

నమస్కారం. ఇరవై రెండేళ్లు నగరంలో ఉద్యోగం చేసి, గత శీతాకాలంలో ఒక చిన్న పట్టణానికి వచ్చి స్థిరపడ్డాను. ఇంటి వెనుక ఒక మోస్తరు పెరడు ఉంది. వారానికి మూడు సాయంత్రాలు మైదానంలో కూర్చుని వాయించుకునే ఒక చిన్న బృందంలో నా ఫిడేలుకు చోటు దొరికింది. ఉద్యోగం విడిచినప్పుడు వచ్చిన సొమ్ము మాత్రం బ్యాంకు పొదుపు ఖాతాలో కదలకుండా పడి ఉంది. చలి తగ్గి ఎండలు ముదరక ముందు దొరికే ఈ కొద్ది వారాల్లో మూడింటినీ ఒక దారిలో పెట్టాలని మొదలుపెట్టాను కాని, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క చోట ఆగిపోయాను.

మొదటిది నారు. ట్రేలో టమాటా, బంతి విత్తనాలు చల్లితే వారం తిరిగేసరికి దట్టంగా మొలిచాయి. రెండో వారంలో ఒక ఉదయం చూస్తే ఒక మూల మొక్కలన్నీ పడిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాడ మాత్రం మట్టిని తాకే చోట దారంలా సన్నబడి, తడిసి మెత్తబడి ఉంది. నీళ్లు చాలలేదేమో అనుకుని రోజుకు రెండు పూటలా చల్లడం మొదలుపెట్టాను. నాలుగు రోజుల్లో సగం ట్రే ఖాళీ అయింది.

రెండోది శృతి. ఇంకా వెలుగు ఉండగానే అందరం శృతి కలుపుకుని మొదలుపెడతాము. పొద్దు గూకి గాలి చల్లబడ్డాక, ముప్పావు గంట గడిచేసరికి, వేణువు ఒక దారి, నా ఫిడేలు ఒక దారి అయిపోతున్నాయి. నేను పైకి పోతున్నానని వేణువు వాయించే ఆయన అంటారు, ఆయనే దిగిపోతున్నారని నేనంటాను. తప్పు ఎవరిదో తేల్చి చెప్పగలరా?

మూడోది సొమ్ము. దాన్ని ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరిస్తూ నడిచే నిధిలో) ఒకేసారి పెట్టాలా, నెలనెలా విడతలుగా పెట్టాలా అని ఆలోచిస్తుండగానే ఇంకొక మాట వచ్చింది. మా బృందంలోని ఒక పెద్దమనిషి తనకు తెలిసిన వ్యక్తి దగ్గర సొమ్ము పెడితే నెలకు మూడు శాతం చొప్పున ఏ నెలా తప్పకుండా ఇస్తున్నాడనీ, తాను పద్నాలుగు నెలలుగా తీసుకుంటున్నాననీ, ఈ నెలాఖరులోగా చేరితేనే చోటు ఉంటుందనీ చెప్పారు. నేను కొత్తగా వెళ్లిన రోజు అందరూ చూస్తూ ఉండగా తన కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టినది ఆయనే. కాదంటే ఏమనుకుంటారోనన్న బెంగ సొమ్ము గురించిన బెంగ కన్నా ఎక్కువగా ఉంది.

సమాధానం 1

పెరటి సంగతి ఒక్కటే నాకు తెలుసు, అది చెబుతాను. మీ ట్రేకు వచ్చినది నారుకుళ్ళు తెగులు. నీళ్లు చాలని మొక్కకు ముందు ఆకు వేలాడుతుంది, ఆ తరువాత కాడ వంగుతుంది; మీరు చెప్పినదానిలో ఆ వరుస తలకిందులైంది, ఆకు పచ్చగా ఉండగానే కాడ మొదట్లో తెగింది. పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. తడి, చల్లదనం, గాలి ఆడని గుబురు ఒకచోట చేరినప్పుడు అవి లేత కాడలోకి దిగుతాయి. రెండో పూట మీరు చల్లిన నీళ్లు మొక్కకు కాక తెగులుకే ఉపయోగపడ్డాయి.

పడిన మొక్క తిరిగి లేవదు, దాని కోసం మందులు కొనకండి. పడినవాటిని చుట్టూ రెండు వేళ్ల మేర మట్టితో సహా తీసి పారవేయండి, కంపోస్టు కుప్పలో మాత్రం వేయకండి. మిగిలిన నారును బొటనవేలు పట్టేంత ఎడం ఉండేలా పలచన చేసి, గాలి, వెలుతురు బాగా తగిలే చోటికి మార్చి, పైమట్టి రంగు తేలిపడే దాకా నీళ్లు ఆపండి. ఆ తరువాత కూడా పైనుంచి చల్లకుండా, ట్రేను నీళ్ల పళ్లెంలో పావుగంట ఉంచి తీసివేస్తే అడుగునుంచి తడి పీల్చుకుంటుంది, కాడ మొదలు పొడిగా ఉంటుంది. ఈ పని ఉదయం పూటే చేయండి.

మళ్లీ విత్తుకోవడానికి సమయం మించిపోలేదు. ట్రేను సబ్బునీటితో కడిగి ఎండలో ఆరబెట్టి, పెరటి మట్టి కాకుండా కొత్త మిశ్రమం నింపి, విత్తనం మందానికి రెండు మూడింతల లోతులో, ఒక్కొక్కటిగా వేయండి. గుప్పెడు తీసి చల్లడం సరదాగానే ఉంటుంది కాని, ఆ గుబురే మీ కొంప ముంచింది. టమాటా విత్తనం 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వెచ్చని మట్టిలో సుమారు వారానికి మొలుస్తుంది, అదే మట్టి 10 డిగ్రీల దగ్గర ఉంటే నెల దాటినా మొలవక, ఈలోగా కుళ్లిపోవచ్చు. అందువల్ల తేదీని చూసి విత్తేవారి కన్నా మట్టిలో వేలు పెట్టి చూసి విత్తేవారికే ఫలితం బాగా ఉంటుంది. నేను తేదీని పట్టుకుని వేలాడినన్నాళ్లూ ఏటా ఒక ట్రే పోగొట్టుకున్నాను.

నారును నేలలోకి మార్చే ముందు వారం పది రోజులు బయటికి అలవాటు చేయాలి. మొదటి రోజు నీడలో ఒక గంట, తరువాత కొద్దికొద్దిగా పెంచుతూ ఎండలోకి తేవాలి. పెరటి నేలను తవ్వబోయే ముందు గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి, వేలితో పొడిచి చూడండి. పొడిపొడిగా విడిపోతే తవ్వవచ్చు. ముద్దగానే ఉండి వేలిముద్ర నిలిచిందంటే రెండు మూడు రోజులు ఆగాలి. అప్పుడే తవ్వితే బంకమట్టి గడ్డకట్టి వేరుకు గాలి అందదు. నేల గట్టిగా ఉందని ఇసుక కలపమని చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిపితే ఇంకా బిగుసుకుంటుంది, కలపవలసింది మాగిన కంపోస్టు.

సమాధానం 2

శృతి తగవులో మీరిద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయన దిగుతున్నారు, మీరు ఎక్కుతున్నారు, ఒకే చల్లగాలి రెండు పనులూ చేస్తోంది.

వేణువులో మోగేది లోపలి గాలి. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల వద్ద సెకనుకు 331 మీటర్లు, 20 డిగ్రీల వద్ద 343 మీటర్లు. వెదురు పొడవు మారదు కనుక వేగం తగ్గినంత మేరా శృతి దిగుతుంది. లెక్క ప్రకారం ఒక్కొక్క డిగ్రీకి అర్ధస్వరంలో (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండే తేడాలో) నూటికి మూడు పాళ్లు పోతుంది. సాయంత్రానికి గాలి ఎనిమిది డిగ్రీలు చల్లబడిందనుకుంటే అర్ధస్వరంలో సుమారు పావువంతు తేడా వస్తుంది, అది ఏ చెవికైనా పట్టుబడుతుంది. వాయిస్తున్నంతసేపూ ఊపిరి వెచ్చదనం వల్ల అంత తేడా రాదు కాని, నాలుగు నిమిషాలు ఒళ్లో ఉంచుకుని మళ్లీ ఎత్తిన వేణువు మొదటి స్వరమే కింద పలుకుతుంది. ఫిడేలుకు ఉన్నది లోహపు తీగ. అది చల్లబడితే కుదించుకుపోయి బిగుస్తుంది, బిగిస్తే శృతి పైకి పోతుంది. చర్మం మూసిన తాళవాద్యం ఏదైనా మీతో ఉంటే దాని తగువు మూడోది: మంచు కురిసే సాయంత్రం చర్మం తేమ పీల్చి సడలి కిందికి వస్తుంది.

ఇంటి నుంచి తెచ్చిన వాద్యాన్ని పెట్టె తెరిచి ఇరవై నిమిషాలు బయటి గాలిలో ఉంచి, ఆ తరువాతే శృతి కలపండి. వేణువుకు తిప్పడానికి బిరడలు లేవు, మీకు ఉన్నాయి కనుక మీరే ఆయనను అనుసరించండి. అరగంటకు ఒకసారి, పాట ముగిసిన చోట, ఆయనను ఒక స్వరం పలికించమని అడిగి దానికి సరిచేసుకోండి. ఆయన కూడా వాయించని సమయంలో వేణువును కండువాలో చుట్టి ఉంచుకుని, ఎత్తే ముందు చప్పుడు లేకుండా ఒకటి రెండు ఊపిరులు ఊదితే చాలావరకు సర్దుకుంటుంది. ఎండలు పెరిగి గాలి పొడిబారే రోజుల్లో బిరడ కర్ర కుంచించుకుని జారుతుంది. బలవంతంగా కొట్టి బిగించకుండా, తిప్పుతూ లోపలికి కొంచెం నొక్కండి. కొయ్య వాద్యానికి 40 నుంచి 60 శాతం గాలి తేమ అనుకూలం. మూసిన కారులో మాత్రం ఒక్క మధ్యాహ్నం కూడా వదలకండి, అతుకుల జిగురు మెత్తబడి పలకలు విడిపోతాయి.

మీరు అడగలేదు కాని మైదానం అన్నారు కనుక చెబుతున్నాను. ఆరుబయట తిప్పికొట్టే గోడలు ఉండవు, దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది. అందుకే బయట వాయించేవారు తెలియకుండానే గట్టిగా వాయించి విల్లు మీద భారం వేస్తారు. వీపు వెనుక ఒక గోడ ఉండేలా అర్ధచంద్రాకారంలో కూర్చోండి. అయితే చీకటి పడ్డాక నేలను అంటిన గాలి ముందు చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు ధ్వని పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం సాగుతుంది. పగలు పక్క వీధికి వినపడని వాద్యం రాత్రి ఊరి చివరికి వినిపించేది అందుకే. చిన్న పట్టణంలో ఎవరైనా వచ్చి విసుక్కుంటే అది మీ వాయిద్యం మీద తీర్పు అనుకోకండి.

సమాధానం 3

పై ఇద్దరూ చక్కగా చెప్పారు. మూడో ప్రశ్నలో మీరు చివర పెట్టిన సంగతినే నేను ముందు తీసుకుంటాను. నెలకు మూడు శాతం అంటే చిన్న మాటలా వినిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ లెక్కిస్తే ఏడాదికి 42.6 శాతం అవుతుంది; 72ను వడ్డీ శాతంతో భాగించే పాత లెక్క ప్రకారం 24 నెలల్లో సొమ్ము రెట్టింపు కావాలి. అంత లాభం నిజంగా తీయగలిగినవాడు బ్యాంకులో అంతకన్నా ఎంతో చౌకగా అప్పు తెచ్చుకుని ఆ తేడా తానే ఉంచుకుంటాడు గాని, మైదానంలో ఫిడేలు వాయించుకునేవారి దాకా మాట పంపించడు.

ఆ పెద్దమనిషి అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. ఆయనకు నిజంగానే పద్నాలుగు నెలలుగా సొమ్ము వస్తూ ఉండవచ్చు, ఈ రకం వ్యవహారం నిలబడేదే అలా ఇవ్వడం మీద. అయితే నెలకు మూడు చొప్పున పద్నాలుగు నెలల్లో ఆయనకు చేరినది తాను పెట్టినదానిలో 42 శాతం మాత్రమే. ఆయన లాభం అనుకుంటున్నది ఆయన అసలులోనుంచే తిరిగి వస్తున్న ముక్క అయ్యే అవకాశం ఉంది. మిగిలిన 58 శాతం ఇంకా అవతలివాడి చేతిలోనే ఉంది. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం ఇస్తానన్నప్పుడు కూడా ముందు చేరినవారికి చెప్పినట్టే ఇచ్చాడు, తరువాత చేరినవారి సొమ్ములోనుంచి ఇచ్చాడు, ఆ ఏడాది ఆగస్టుకల్లా కుప్పకూలాడు. 2008 డిసెంబరులో ఇలాంటి మోసానికే అరెస్టయిన బెర్నార్డ్ మేడాఫ్ అంతటి ఆశ కూడా చూపలేదు. ఒక మోస్తరు లాభాన్నే ఏటా దాదాపు తప్పకుండా చూపుతూ, క్లబ్బుల్లో, స్నేహితుల మధ్య, నోటిమాట మీద సొమ్ము చేర్చాడు. మార్కెట్ లేచి పడుతున్నప్పుడు లేవని, పడని లాభం కనిపిస్తే, శాతం ఎంత చిన్నదైనా అనుమానించాలి. నెలాఖరులోగా అన్న గడువు మీరు తీరికగా ఎవరినీ అడగకుండా ఉండేందుకే పెట్టి ఉంటారు.

ఇక సక్రమమైన మదుపు. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చును వెంటనే తీయగలిగే ఖాతాలో విడిగా ఉంచండి. అయిదేళ్లలోగా అవసరపడే సొమ్మును షేర్ల జోలికి పోనివ్వకండి. సగం పోయిన మదుపు మొదటి స్థితికి రావాలంటే రెట్టింపు కావాలి, దానికి వేచి ఉండే కాలం చేతిలో ఉండాలి. మిగిలిన దీర్ఘకాలపు సొమ్మును తక్కువ రుసుముతో నడిచే ఇండెక్స్ ఫండ్‌లో ఒకేసారి పెట్టమనే నేనంటాను. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల పాత లెక్కలు తీసి వాన్‌గార్డ్ అనే మదుపు సంస్థ 2012లో చూసినప్పుడు, విడతల పద్ధతి కన్నా ఒకేసారి పెట్టినది సుమారు మూడింట రెండు సార్లు ముందు నిలిచింది. మార్కెట్ దీర్ఘకాలంలో పెరిగేదే అయితే, బయట నిలబడి ఉన్న సొమ్ము ఆ పెరుగుదలను వదులుకుంటుంది, ఇందులో రహస్యమేమీ లేదు.

రుసుము విషయంలో మాత్రం పిసినారిగా ఉండండి. ఏడాదికి ఏడు శాతం పెరిగే సొమ్ము ముప్పై ఏళ్లలో 7.6 రెట్లు అవుతుంది. అందులోంచి ఏటా ఒక్క శాతం రుసుముగా పోయి ఆరు శాతమే మిగిలితే 5.7 రెట్లు మాత్రమే అవుతుంది. ఒక్క శాతం అంటూ కొట్టిపారేసినది చివరికి దాదాపు నాలుగో వంతు తినేస్తుంది.

సమాధానం 4

పై సమాధానంతో ఒక్క చోట విభేదిస్తాను. మూడింట రెండు సార్లు అన్న లెక్క సరైనదే, కాని మిగిలిన ఒక్క వంతులో పడినవాడు ఆ తరువాత ఏమి చేస్తాడన్నది ఆ లెక్కలో లేదు. ఉద్యోగం విడిచి, మళ్లీ అంత సొమ్ము చూసే అవకాశం లేని మనిషి, పెట్టిన రెండో నెలలోనే నాలుగో వంతు పోవడం చూస్తే అమ్మేసి బయటపడతాడు. నేనదే చేశాను, మళ్లీ పెట్టడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి ధర పాతచోటును దాటిపోయింది. అందుకే ఎనిమిది నెలల మీద ఎనిమిది సమానభాగాలుగా, తేదీలు ముందే కాగితం మీద రాసుకుని పెట్టమంటాను. కొంత లాభం వదులుకుంటారు, అది నిద్ర పట్టడానికి చెల్లించే రుసుము. తేదీ వచ్చిన రోజున మార్కెట్ పడిందనో లేచిందనో వాయిదా వేస్తే మాత్రం ఆ పద్ధతికి అర్థం లేదు.

పెద్దమనిషి సంగతికి వస్తే, మా ఊళ్లో పాటల బృందం ఒకటి ఇలాంటి వ్యవహారం వల్లే చెదిరిపోయింది. పదకొండు మందిలో ఏడుగురు సొమ్ము పెట్టారు, పందొమ్మిదో నెలలో చెల్లింపులు ఆగిపోయాయి. పోయిన సొమ్ము గురించి కొన్నాళ్లకు మాట్లాడుకోవడం మానేశారు కాని, ఎవరు ఎవరిని చేర్పించారన్న మాట మాత్రం పోలేదు. హార్మోనియం ఇప్పటికీ ఒకరింట్లో గుడ్డ కప్పి ఉంది. మీరు కాదన్నందుకు ఆయనకు కలిగే నొప్పి ఒక వారం ఉంటుంది. చేరి పోగొట్టుకుంటే ఆ ఊళ్లో మీరిద్దరూ ఎదురుపడలేరు.

నీతులు చెప్పకుండా, మోసం అన్న మాట ఎత్తకుండా కాదనవచ్చు. 'నా సొమ్ముకు ఇప్పటికే ఒక పద్ధతి రాసుకున్నానండీ, దాన్ని మార్చను' అంటే చాలు, అది నిజం కూడా అవుతుంది. ఇంకొక్క మాట కలపగల చనువు ఉంటే, వడ్డీ కాకుండా అసలు మొత్తాన్నీ ఒకసారి వెనక్కి అడిగి చూడమనండి. నిజమైన వ్యాపారమైతే ఇస్తారు, ఆయన మళ్లీ పెట్టుకోవచ్చు. ఆయన అడిగే ముందే తడబడితే, ఆయన మనసులోనూ అనుమానం ఉందన్నమాట.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను.

పాత ట్రేలో ఇరవై మూడు మొక్కలు బతికాయి, పైమట్టి ఆరనిచ్చిన తరువాత ఒక్కటీ పడలేదు. కొత్త ట్రేలో విత్తనాలు ఒక్కొక్కటిగా వేయడానికి గంటన్నర పట్టింది. మునుపు అదే పని రెండు నిమిషాల్లో ముగించాను. పెరటి మట్టి పిడికిట్లో ఇంకా ముద్దగానే ఉంది కనుక తవ్వకం ఆపాను.

సొమ్ము విషయంలో ఆరు నెలల ఖర్చును విడదీసి, మిగిలినదాన్ని ఎనిమిది తేదీలుగా రాసుకున్నాను, మొదటి భాగం వెళ్లింది. ఒకేసారి పెట్టమన్న వారి లెక్కను తప్పు పట్టలేను, కాని రోజూ ఉదయం లేవగానే ధర చూసే అలవాటు నాకు అప్పుడే మొదలైంది, దాన్ని బట్టి నా గుండె ఎంతటిదో నాకు అర్థమైంది.

పెద్దమనిషికి కాదని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఫిడేలు పెట్టె నా చేతికి అందిస్తూ, అసలు వెనక్కి అడిగితే చివరి మూడు నెలల వడ్డీ కోసుకుంటారని తనకు ముందే చెప్పారనీ, అందుకే అడగలేదనీ అన్నారు. ఇది అందరూ పెట్టే షరతేనా?

సమాధానం 3

బ్యాంకు డిపాజిట్లలో కూడా ముందే తీసుకుంటే కొంత వడ్డీ కోయడం మామూలే, కనుక షరతు ఒక్కటే చూసి ఏమీ అనలేము. ఆ షరతు రాతపూర్వకంగా ఉందా, సొమ్ము తీసుకున్నవారికి ప్రజల దగ్గర డిపాజిట్లు సేకరించే అనుమతి ఉందా అన్న రెండూ ముఖ్యం. రెండింటికీ కాగితం చూపమని ఆయననే అడగమనండి. కాగితం లేకపోతే మూడు నెలల వడ్డీ పోయినా సరే, అంటే తొమ్మిది శాతం పోయినా సరే, ఈ వారమే అసలు అడగడం ఆయనకు మేలు. ఇలాంటి చోట ముందుగా అడిగినవారికే దొరికే అవకాశం ఎక్కువ.

మీరు రోజూ ధర చూస్తున్నానన్నారు. అమెరికా మార్కెట్ చరిత్రలో లాభంతో ముగిసిన రోజులు సగానికి కొంచెం ఎక్కువ, లాభంతో ముగిసిన సంవత్సరాలు నాలుగింట మూడు వంతులకు దగ్గర. రోజూ చూసేవారికి దాదాపు రోజు విడిచి రోజు నష్టమే కనిపిస్తుంది. ఎనిమిది తేదీలు రాసుకున్నారు కదా, ఆ తేదీల్లోనే చూడండి.

సమాధానం 2

శృతి సంగతి ఏమైందో మీరు రాయలేదు. వేణువు ఆయన కండువా తెచ్చుకుంటున్నారా?

ప్రశ్న అడిగినవారు

తెచ్చుకుంటున్నారు. మొన్న పాటకూ పాటకూ మధ్య ఆయన స్వరం పలికించగా నేను మంద్ర తీగ సరిచేసుకుంటూ ఉంటే, కండువా విప్పుతూ, 'ఇన్నాళ్లూ మీ చెవినే అనుమానించానండీ' అన్నారు. నేనూ ఆయన ఊపిరినే అనుమానించానని చెప్పలేదు.